నీళ్ళు లేని క్యాబిన్

బావగారు క్రేనెక్కితే నీళ్ళు ముట్టరు. ఇరవై రెండేళ్ళుగా అదే పద్ధతి. ఎనభై మీటర్ల ఎత్తున, ఇద్దరు సరిగా నిలబడలేని అద్దాల గదిలో మరుగుదొడ్డి ఎక్కడిది? ఒకసారి దిగి ఎక్కాలంటే ముప్పావు గంట పని. కింద వాకీటాకీ పట్టుకుని బరువులు దింపించేది సొంత బావమరిదే కాబట్టి, సైటు మొత్తానికీ ఆయన బావగారైపోయారు.

భారీ మనిషి. కంపెనీ డాక్టరు తూకం చూసి, "ఈ నిచ్చెన ఎక్కాలంటే నూట పది కిలోలు దాటకూడదు. మూడు నెలల్లో తగ్గకపోతే ఇక కిందే పని" అన్నాడు. కింద పనంటే బావగారికి చచ్చేంత నామోషీ. పరుగున వెళ్ళి, వారానికొకటి చొప్పున బరువు తగ్గే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆకలి అటకెక్కింది, బరువు దిగింది, పొట్ట మాత్రం బిగుసుకుపోయింది.

ఇంజెక్షన్ రాసిన డాక్టరమ్మ ముందే చెప్పింది. "పేగులు మందగిస్తాయి. నీళ్ళు బాగా తాగండి. వాంతులైనా, గాలి కూడా పోకపోయినా వెంటనే వచ్చేయండి." బావగారు బుద్ధిగా తలూపారు. తలూపితే ఏం పోయింది?

మూడో నెల చివర్లో, విరేచనం ఆగిపోయిన నాలుగో రోజు, భార్య పీచుపొడి చిన్న డబ్బా తెచ్చింది.

"చెంచాడు పొడికి రెండు గ్లాసుల నీళ్ళు. ఉత్తగా మింగితే లోపలే గట్టిపడుతుందట. వింటున్నారా?"

"వింటున్నానే."

ఇంట్లో తాగుదామంటే మందు పుణ్యమా అని రెండు గుక్కలకే కడుపు నిండిపోయేది. అందుకని డబ్బా సంచిలో వేసుకుని క్రేనెక్కారు. పైన ఉత్త పొడి చెంచాడు మింగారు. మర్నాడు రెండు చెంచాలు, ఆ మర్నాడు మూడు. ఆ మొండితనం తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

ఏడో రోజు పొద్దున పొట్ట బల్లలా ఉంది. గాలి కూడా పోవడం లేదు. మర్నాడే తూకం. నూట తొమ్మిదికి వచ్చారు. ఈ ఒక్కరోజు ఓర్చుకుంటే చాలనుకుని నిచ్చెన పట్టుకున్నారు.

పదకొండింటికి, ఇనుప చువ్వల కట్ట గాల్లో ఉండగా, కడుపులో మెలిపెట్టింది. పచ్చటి వాంతి ముందు అద్దమంతా పడింది. కింద పన్నెండుమంది మనుషులు. అయినా కట్టను మెల్లగా, చెప్పిన చోటే దించారు. వాకీటాకీలో బావమరిది అరిచాడు.

"బావా? మాట్లాడు బావా!"

బావమరిది పడుతూ లేస్తూ పైకెక్కాడు. బావగారు మోకాళ్ళు పొట్టకు నొక్కుకుని నేలమీద ముడుచుకుని ఉన్నారు. పక్కన డబ్బా ఖాళీగా ఉంది. బావమరిది గదంతా వెతికాడు.

"నీళ్ళసీసా ఏది బావా?"

"తాగితే దిగాలి కదరా" అన్నారాయన.

బావమరిది గుమ్మంలోంచి కిందికి చూశాడు. ఎనభై మీటర్ల నిచ్చెన, ఒక్క మనిషి పట్టేంత వెడల్పు.

"ఇప్పుడెలా దిగుతావు బావా?"