చాచా మీద వేసిన నా తప్పు

మొన్న మా అమ్మాయి నిజామాబాద్‌లో కొత్తగా చేరిన జపాను భాష క్లాసు పాఠాన్ని బిగ్గరగా వల్లిస్తుంటే, చేతిలోని పేపరు విసిరికొట్టాను. దాని తప్పేమీ లేదు, పాఠంలో వచ్చిన ఒక మాట వల్ల. జరిగిపోయింది, వెనక్కి రాదు, అయ్యో అని చెప్పడానికి ఆ భాషలో క్రియ చివర ‘షిమాయిమాషిత’ అని చేరుస్తారు; ఆ మాటతో అబద్ధమాడినవాణ్ణి నేను.

డెబ్బయ్యో దశకంలో బోధన్ అవతల ఒక చిన్న చక్కెర మిల్లులో పనిచేసేవాణ్ణి. కొత్త మీటర్లు బిగించడానికొచ్చిన జపాను ఇంజనీరు దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుని, మిల్లులో ఆ భాష వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనని తెగ మిడిసిపడేవాణ్ణి. పాకం కాచే పాన్ దగ్గర, మా అందరికీ చాచా అయిన ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన పాకాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, పంచదార పలుకు కట్టిందని తేల్చుకుని "బస్" అన్నాకే కింది వాల్వు తెరిచి పాకం దింపాలన్నది అక్కడి కట్టుబాటు. ఆ రోజు పాన్ దగ్గర ఉన్నది మేమిద్దరమే. పాకం సిద్ధమైనట్టు మీటరు ముల్లు గీత దాటింది.

"జర ఆగు బేటా, ఇంక పలుకు కట్టలే."

"నీ వేళ్లకంటె మిషనుకే ఎక్కువ ఎరుక చాచా," అని నవ్వి వాల్వు తిప్పేశాను. పలుకు కట్టని పాకం జిగురులా కిందికి జారి, ఆ పాన్ మొత్తం పాడైంది.

ఎవరు తెరిచారని ఇంజనీరు అడిగాడు. ముసలాయన తెరిచేశాడని, చివర ఆ ‘షిమాయిమాషిత’ కూడా తగిలించి, ఆయన తరఫున నేనే నొచ్చుకుంటున్నట్టు చెప్పాను. ఎంత నీచం!

"దొర ఏమంటుండు బేటా?" అన్నాడు పక్కనే నిలబడ్డ చాచా.

"నీ తప్పు లేదంటుండు."

ఆయన ఇంజనీరుకు వంగి సలాం పెట్టాడు.

మర్నాడే ఆయన్ని పాన్ దగ్గర నుంచి తీసేసి, ఎండలో చెరకు బండ్లను వరసలో నిలబెట్టే పనిలో వేశారు. వాల్వు తిప్పింది నేనని ఆయన చివరిదాకా ఎవరితోనూ అనలేదు. నేనే చెప్పుకుంటానని ఎదురుచూశాడేమో.

ఇప్పుడు పాకంలో వేళ్లు పెట్టేవాళ్లే లేరట, అంతా మీటర్లేనట. ఆ పనితనం పోయింది, చాచా పోయాడు. మా పాత సిబ్బంది కలిసినప్పుడల్లా ‘పాన్ ఖరాబు చేసిన చాచా’ అని ఇకిలించడం మాత్రం పోలేదు. ఇన్నేళ్లూ వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. ఇది చదివేవారిలో ఆ మిల్లువాళ్లుంటే ఇక ఆ పెద్దమనిషిని వదిలేయండి. నవ్వాలన్నా, మొహాన ఉమ్మాలన్నా నేనింకా బతికే ఉన్నాను.