వెయ్యిన్నూట పదహారు చీరల వర్ణన

“బటన్ నొక్కి పండుకుంటవ్. దానికి పైసలెందుకు బిడ్డా?”

గద్వాలలో చీరల దుకాణం నడిపే తిరుపతయ్య ఈ మాట సుహాసినిని నలుగురు కొనుగోలుదార్ల ముందు అడిగాడు. అడిగి నవ్వాడు కూడా.

సుహాసినిది కొత్తకోట. హైవే పక్కన లారీలు బాగుచేసే సాంసన్ భార్య. దుకాణాల సరుకుకు వెబ్‌సైటులో పెట్టే వర్ణనలు కృత్రిమ మేధతో రాయించి ఇవ్వడం ఆమె పని. రాయించడమంటే ఒక్కో చీర గురించి అడిగి జవాబు కోసం కాచుకోవడం కాదు. చీరకో నంబరు వేసి, అన్ని వివరాలూ ఒకే ఫైల్లో పెట్టి, ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారిలో, ఆ మేధను నడిపే కంపెనీకి ఒకేసారి పంపుతుంది. వాళ్లు తీరిక చూసుకుని ఒక రోజులోగా చేసి పెడతారు. ఆగినందుకు ధర సగం. జవాబులు పంపిన వరుసలోనే రావాలని లేదు. ఏది ఏ చీరదో నంబరే చెప్పాలి. ఒకటీ అరా జవాబు రాకపోతే మళ్లీ పంపాలి. తిరుపతయ్యకు ఇదంతా ఆమె పిండి గిర్నీతో పోల్చి చెప్పింది. డబ్బా మీద పేరు రాసి ఇచ్చి వస్తాం, సాయంత్రం పేరు చూసి తెచ్చుకుంటాం, అంతే అంది. ఆయన తలూపాడు.

ఇక పండుకోవడం సంగతి. వారం పాటు రోజూ బస్సెక్కి గద్వాల పోయి, చీర చీరా విప్పించి, ఒళ్లు నూలో పట్టో, అంచేమిటో, కొంగేమిటో రాసుకుంది. మచ్చుకు పంపిన వాటిలో ‘కుట్టు అంచు’ అంటే సూదితో కుట్టినదని యంత్రం రాసింది. గద్వాల చీరలో కుట్టంటే నూలు ఒంటికి పట్టు అంచును మగ్గం మీదే పోగు పోగు కలిపి నేయడం. అది యంత్రానికి ఎక్కేదాకా సూచనలు తిరగరాసింది. కంపెనీ బిల్లు తన కార్డు మీదే కట్టింది.

బేరం పద్దెనిమిది వేలు. మూడు వేలు ముందిచ్చాడు. చీరలు వెయ్యిన్నూట పదహారు ఉండాలన్నాడు, శుభమట. తక్కువ పడితే గోదాములోని పాతవి తెచ్చి మరీ నింపాడు. జవాబులొచ్చాయి, నాలుగు తప్ప. వచ్చినవి నంబర్లతో సహా దుకాణానికి పంపి, ఆ నాలుగూ కంపెనీకి మళ్లీ పంపాననీ, రేపటిదాకా ఏదీ సైటుకు ఎక్కించవద్దనీ ఫోన్ చేసి చెప్పింది. కానీ వెబ్‌సైటు తెరిచే ముహూర్తం తెల్లారే ఉంది. దుకాణంలో లెక్కలు చూసే గణేష్, నంబర్లు అందంగా లేవని తీసేసి, జవాబులను వచ్చిన వరుసలోనే చీరల పక్కన అతికించాడు. నాలుగు తక్కువయ్యేసరికి మొదటి నాలుగింటినే చివర మళ్లీ పెట్టించాడు తిరుపతయ్య. లెక్క నిండింది. కొబ్బరికాయ కొట్టారు.

నూలు చీరల కింద పూర్తి పట్టు అని పడింది. కొన్నవాళ్లు తిప్పి పంపారు. నీ మిషన్ అబద్ధాలు రాసింది, పైసా ఇవ్వనన్నాడు తిరుపతయ్య. సుహాసిని దుకాణంలోనే తన ఫైలు తెరిచి, తిరిగొచ్చిన చీరల నంబర్లు ఒక్కొక్కటే చూపించింది. ప్రతిదానికీ సరైన మాటే ఉంది.

“డబ్బాల మీద పేర్లు మీరే తుడిచిన్రు సేటు. పిండి మారిందని నన్నంటె ఎట్ల?”

గణేష్ తల వంచుకున్నాడు. తిరుపతయ్య వంచలేదు. తప్పెవరిదో తేలాక, అసలు కూలి ఎందుకన్న ప్రశ్న పుట్టింది ఆయనకు. బటన్ మాట అప్పుడన్నదే. మగ్గం ముందు కూర్చున్నవాడిది కష్టమని ఒప్పుకోక తప్పదు కాబట్టి ఒప్పుకుంటారు. తెర ముందు కూర్చున్నదానిది మాత్రం కునుకు.

అయినా ఆమె అంతా సరిచేసి ఇచ్చింది. వనపర్తిలో ఇంకో రెండు దుకాణాలవాళ్లు ఇదే పని ఇద్దామని చూస్తున్నారు. చెడ్డపేరు మోసే స్తోమత ఆమెకు లేదు. చీరలు అమ్ముడవుతున్నాయి.

మహిళా దినోత్సవానికి వనపర్తిలో వర్తకులు సుహాసినికి సన్మాన సభ పెట్టారు. ఊరు విడవని ఆడబిడ్డ, పల్లెకు ప్రపంచాన్ని తెచ్చిన దీపం అంటూ ఒకాయన ఊదరగొట్టాడు. శాలువా కప్పింది తిరుపతయ్యే. శాలువా దాకా లేచే చేతులు జేబు దాకా ఎందుకు దిగవో ఏ వక్తా చెప్పడు. మైకు ఆమెకిచ్చారు.

“శాలువా మంచిగుంది సేటు. జర బిల్లు సంగతి గూడ చెప్పుండ్రి.”

“గిది పైసలు మాట్లాడే జాగనా బిడ్డా?”

“దుకాణంల అడిగితె గిరాకి ముంగట వద్దంటిరి. ఫోన్ల అడిగితె ఎత్తరు. జాగ మీరే చెప్పుండ్రి.”

జనం నవ్వారు. వచ్చే వారం ఇస్తానని తిరుపతయ్య అదే మైకులో అన్నాడు. అది మార్చిలో. నేనిది ఆగస్టులో రాస్తున్నాను. సుహాసినికి ఇంకా పదిహేను వేల రూపాయలు రావాలి.