పళ్ళెంలో మిగిలిపోయిన దానపత్రం

మొన్న నా మనవరాలికి వాళ్ళ నాన్న ఇంటిస్థలం దానంగా రాసిస్తుంటే, పెద్దదిక్కునని నన్నూ మదనపల్లె రిజిస్ట్రారు ఆఫీసుకు వెంటబెట్టుకు వెళ్ళారు. ఇచ్చేవాడికి ఫోటో తీసి వేలిముద్ర వేయించుకున్నాక, పుచ్చుకునే పిల్లను కూడా పిలిచి అలాగే చేశారు. అది నవ్వుతూ వేలు ఒత్తి వచ్చేసింది. నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుంది, ఆ నవ్వు చూసి నాకు మా మేనత్త గుర్తుకొచ్చింది.

అవి స్వాతంత్ర్యం రాకముందు రోజులు. మేము పుంగనూరులో ఉండేవాళ్ళం. మా నాన్నకు అక్క ఆమె. కుప్పం సంబంధం చేశారు గానీ, పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే పిల్లాజెల్లా లేకుండా పుట్టింటికి వచ్చేసింది. సంగటి కెలికినా, ఊరిబిండి నూరినా మాకు ఆమె చేతిదే కావాలి, ఇంట్లో శుభకార్యమంటే మాత్రం ఆమె దొడ్డివైపే ఉండాలి. ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో వాటా అనే మాటే లేని కాలం కాబట్టి, తాను పోయాక కూతురు తమ్ముడి దయ మీద బతకాల్సి వస్తుందని మా తాతకు బెంగ. అందుకే సదుం దారిలో బావి కింద ఉన్న మడిని ఆమె పేర దానం రాసి, మదనపల్లె వెళ్ళి రిజిస్టరు చేయించుకొచ్చాడు.

అంతటితో ఊరుకుంటే మా తాత ఎందుకవుతాడు! ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు భూమి ఇస్తే పసుపు కుంకుమల కింద ఇవ్వడమే ఆచారం, ఉత్త కాగితం చేతిలో పెడితే దిక్కులేనిదానికి బిచ్చం వేసినట్టుంటుందని ఆయన పట్టుదల. నలుగురు పెద్దమనుషుల్ని పిలిచి, వసారాలో చాప పరిచి, పళ్ళెంలో పసుపు గిన్నె, కుంకుమ గిన్నె పెట్టి, వాటి మధ్య దానపత్రం ఉంచి కూతుర్ని కేకేశాడు.

"రామ్మా, వచ్చి ఒడి పట్టు. నా బిడ్డకు నేనిస్తాండా, ఎవురేమంటారో సూస్తా!"

అత్త వంటింటి గడప దాటలేదు. నేను పక్కనే ఉన్నాను. కొంగు ముఖం మీదికి లాక్కుని గోడకు ఒదిగిపోయి, "అవి నేను ముట్టేదెట్ల నాయనా? నాకొద్దు, నాకేమీ వద్దు" అంది, వసారాలో అందరికీ వినబడేటట్టు. తాత ఎంత మొండివాడో ఆమె అంతకు తగ్గ కూతురు. పెద్దమనుషులు తలలు వంచుకుని లేచిపోయారు, కాగితం తాత పెట్టెలోకి వెళ్ళింది. మెల్లగా నచ్చజెబుదాంలే అనుకున్నాడు కాబోలు, ఆ వానాకాలమే జ్వరమొచ్చి పోయాడు.

కర్మలు ముగిశాక మా అమ్మే పట్టుబట్టి, అత్తను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ కాగితం మదనపల్లె వకీలుకు చూపించింది. ఆయన అంతా చదివి, జరిగింది విని, రాత బాగానే ఉందని, అసలు చిక్కు వేరే ఉందని చెప్పాడట. "ఇచ్చేవాడు ఇస్తే సాలదమ్మా. ఆయప్ప బతికుండగానే ఈయమ్మ తీసుకోనుండాల. నలుగురి ముందర వద్దనింది కదా, యాడ నిలస్తాది?" అన్నాడట.

మా నాన్న దుర్మార్గుడేమీ కాదు. అక్క వద్దంది గానీ నేను లాక్కోలేదని కడదాకా అంటూనే ఉన్నాడు, ఆ మడి దున్నుకుంటూనే ఉన్నాడు. ఆ బియ్యం తినే మేమంతా పెరిగాం. అత్తకు మాత్రం ఆ అన్నం గొంతు దిగలేదు. కుప్పంలో మరిది ఇంటికి వెళ్ళిపోయి, వాళ్ళకు చాకిరీ చేస్తూ అక్కడే కన్నుమూసింది.

ఇప్పుడు కూతుళ్ళకు చట్టమే వాటా ఇస్తోంది. భర్త పోయినవాళ్ళు బొట్టు పెట్టుకుని పెళ్ళిళ్ళకు వస్తున్నారు, పేరంటాలకు పిలిచేవాళ్ళూ ఉన్నారు. చూసినప్పుడల్లా సంతోషమే, ఆ వెంటే దుఃఖం. ఆ పూట ఇంటినిండా మనుషులం ఉన్నాం, మంచీ చెడూ చెప్పగల పెద్దలున్నారు. ఆ రెండు గిన్నెలు పక్కకు తీసి, కాగితం ఒక్కటే వంటింట్లోకి తీసుకెళ్ళి ఆమె చేతిలో పెడదామని మాలో ఒక్కరికీ తోచలేదు.