నాకు తెలుగు రాదని చెప్పిన రోజు

ఇన్నేళ్ళుగా నా గుండె మీద ఒక ఆడమనిషి గొంతు కూర్చుని ఉంది. అన్నం ముందు కూర్చున్నా ఉంటుంది. పెళ్ళిళ్ళలో పందిరి కింద నలుగురితో నవ్వుతున్నా ఉంటుంది. నా బిడ్డ నన్ను "బాపూ" అని పిలిస్తే, దాని వెనకాలే ఆ గొంతు "అన్నా" అంటుంది. నేనేదో పెద్ద బరువు మోస్తున్నానని చాలాకాలం అనుకున్నాను. మోయడమా? నా ముఖం! దాచాను, అంతే. దాచినదాన్ని మోసినట్టు చెప్పుకుంటే మనసుకు కాస్త మర్యాదగా ఉంటుంది కదా, అందుకని అలా చెప్పుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. చూశారా, ఇప్పుడు కూడా నా జాగ్రత్త నేను వదలలేదు.

హైదరాబాదు రాజ్యం పోయి, ఇంకా ఆంధ్రప్రదేశ్ రాని రోజులు. ఆదిలాబాదులో ఒక జిన్నింగు మిల్లులో పని చేసేవాణ్ణి. గుప్పెడు పత్తి తీసి, పింజ లాగి, అది ఏ రకమో చెప్పడం నా పని. అప్పటికే నాకు పెళ్ళయింది. నా భార్య చొప్పదండి దగ్గర మా ఊళ్ళో, మా అవ్వ దగ్గర ఉండేది. నేను మిల్లు వెనక ఒక గదిలో ఒంటరిగా ఉండేవాణ్ణి. ఒంటరితనం వల్లనే చేశానని చెప్పబోయాను. ఆ మాట కొట్టేస్తున్నాను. ఒంటరిగా ఉన్నవాళ్ళు ఆ మిల్లులో చాలామంది ఉన్నారు.

పత్తి పని మీద అప్పుడప్పుడు పెన్‌గంగ దాటి అవతలి మార్కెట్ ఊరికి వెళ్ళాల్సి వచ్చేది. మా బాపు కాలంలో ఆ నది దాటితే పరాయి దేశమే. రూపాయి వేరు, పోలీసు వేరు. నా కాలానికి అవన్నీ పోయి నది ఒక్కటే మిగిలింది. అయినా అవతలి గట్టున కాలు పెట్టగానే నాకు వేరే దేశంలో దిగినట్టే ఉండేది. అక్కడ నన్నెరిగినవాడు లేడు. ఆ ఊరి బజారు వెనక ఒక వీధి ఉంది. మగవాళ్ళు డబ్బిచ్చి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళే వీధి. ఆ వీధి సంగతి, అందులో ఒక ఇంటి సంగతి నాకు చెప్పినవాడు సాయన్న మేస్త్రి.

సాయన్న మా మిల్లుకు కూలీలను తెచ్చేవాడు. వానలు పడని ఏడు కరీంనగర్ పల్లెల్లో తిరిగి, మిల్లులో పని ఇప్పిస్తానని ఆడవాళ్ళను బండ్ల మీద తోలుకొచ్చేవాడు. మంచి మాటకారి. ఎవరికి జ్వరం వచ్చినా వాళ్ళ గుడిసె ముందు నిలబడి పలకరించేవాడు. ఆ మనిషి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లవాడికి ఎక్కాలు నేర్పినట్టు నేర్పాడు.

"గాడ మరాఠీల్నే మాట్లాడు. తెలుగు ముక్క నోట్లకెల్లి రానియ్యకు. పేరడిగితె మార్చి చెప్పు. ఊరడిగితె నాందేడ్ అను. పగటీలి పో, పగటీలే రా. గాడ తాగకు. గంతే, నీకు ఏ ఫికరు లేదు."

ఏ ఫికరూ లేదు! ఎంత గొప్ప చదువు! నేను దాన్ని ఎంత శ్రద్ధగా నేర్చుకున్నానో తెలుసా? పత్తి బండ్లు తోలే మరాఠీ వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు ఎక్కడ సాగదీస్తారో, ఎక్కడ మింగేస్తారో గమనించి, గదిలో ఒక్కణ్ణే బిగ్గరగా అని చూసుకునేవాణ్ణి. ఏ బడి పంతులూ నా చేత అంత చదివించలేదు. అదంతా ఎవరి క్షేమం కోసం? నా క్షేమం కోసం. ఆ గదుల్లో ఉన్నవాళ్ళకు క్షేమంగా ఉండడం ఎలాగో ఎవడైనా నేర్పాడా? ఆ ప్రశ్న నాకు అప్పుడు తట్టనే లేదు.

ఆ ఇంటి యజమానురాలిని అందరూ మావశి, అంటే పిన్ని, అనేవారు. ఆమె నాకు చూపించిన మనిషిని అక్కడ కమల అని పిలిచేవారు. దాదాపు నా ఈడుదే. నేను గదిలోకి అడుగుపెట్టగానే ఆమె గోడవైపు తిరిగి, చెంబు కింద పెడుతూ, మెల్లగా అంది.

"ఇంకోడచ్చిండు. ఈని మొఖం మన్నువడ."

తెలుగు. మా అవ్వ మాట్లాడే తెలుగు.

ఆ క్షణం నేను వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయి ఉండాలి. దిగలేదు. సిగ్గుపడ్డానని చెప్పినా మీరు నమ్ముతారేమో, కానీ సిగ్గు కూడా పడలేదు. నాకు సంతోషమేసింది. నిజం. నేను పరాయివాడినన్న ధీమా నాకుంది, చెవికి ఇంటి మాట వినబడుతోంది. ఇంతకన్నా ఏం కావాలి నాలాంటివాడికి?

తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఆమెనే అడిగేవాణ్ణి. నాకు అర్థం కాదని ఆమె నమ్మింది. అందుకని నా ముందే తనలో తాను మాట్లాడుకునేది. నన్ను తిట్టేది. నా చెవులు చేటలంత ఉన్నాయనేది. ఒక్కోసారి తిట్లు ఆపి, ఈపాటికి జొన్న కోసి ఉంటారనేది. ఎర్రావు ఈనిందో లేదో అనేది. తను గుడిసె మీదికి పాకించిన గుమ్మడి పాదుకు ఎవరు నీళ్ళు పోస్తున్నారో అనేది. నేను కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. ఊళ్ళో మా వాకిట్లో పడుకున్నట్టుండేది. ఆమె ఏడుపు నాకు జోలపాటైంది. ఇంతకన్నా నీచంగా రాయడం నాకు చేతకాదు. చేతనైతే రాసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నేను మంచం మీద కూర్చుని చెప్పులు వేసుకోబోతున్నాను. ఆమె కిటికీ దగ్గర నిలబడి, బయటికి చూస్తూ, ఏ తొందరా లేని గొంతుతో అంది.

"నీ కాలికాడ తేలున్నది."

చటుక్కున కాలు పైకి లాక్కున్నాను.

తేలు లేదు. కింద ఖాళీ నేల. తలెత్తి చూస్తే ఆమె నన్నే చూస్తోంది. ఎన్నాళ్ళనుంచి అనుమానపడిందో, ఆ మాట కోసం ఎంత ఆలోచించిందో. ముందు ఆమె ముఖం ఎర్రబడింది, కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడింది.

"నీకు తెలుగస్తది. నువ్వు మనోనివే. అన్నా, నీ కాల్మొక్త. నా పేరు కమల కాదు, రాజవ్వ. మాది ధర్మపురి అవుతల. మిల్లుల పనని సాయన్న మేస్త్రి తోల్కచ్చి గీడ ఇడిషిపెట్టి పోయిండు. జర మా ఇంటికి కబురు చెయ్యి అన్నా."

"మలా సమజత్ నాహీ," అన్నాను. నాకు అర్థం కావడం లేదని.

"అట్లనకు. నీకు సమజైతది. ఇప్పుడే కాలు గుంజుకున్నవ్ గద."

"మలా సమజత్ నాహీ."

"మా ఇంటాయన పేరు..." ఆగింది. మా వైపు ఆడవాళ్ళు భర్త పేరు నోటితో పలకరు. ప్రాణం పోతున్నా పలకరు. ఆమె కళ్ళు మూసుకుని పలికింది. "గంగారాం. గంగారాం అని అడిగితే ఊర్లె ఎవలైన చెప్తరు. నువ్వు నన్ను తోల్కపోకు. గీ ఇల్లు ఒక్కటి చెప్పు ఆయనకు. ఆయనే అస్తడు."

డబ్బిచ్చి వచ్చినవాణ్ణి అన్నా అంది. పలకకూడని పేరు పలికింది. ఇక ఆమె దగ్గర ఇవ్వడానికేముంది?

మళ్ళీ అదే మాట అన్నాను. మరాఠీలో, ఒక్క తప్పు లేకుండా. అక్కడితో ఆగి ఉంటే పిరికివాణ్ణి అనిపించుకునేవాణ్ణి. నేను అంతకన్నా చేశాను. చెప్పులు చేత పట్టుకుని కిందికి దిగి, మావశిని పిలిచి, ఈ మనిషికి మతి చెడింది, నా కాళ్ళ మీద పడి ఏదో భాషలో ఏదో ఊరి పేరు చెబుతోంది, ఎవరికో కబురు చేయమంటోంది అని ఫిర్యాదు చేశాను. భాష రానివాడికి అది ఊరి పేరని ఎలా తెలుస్తుంది? కబురని ఎలా తెలుస్తుంది? మావశికి ఆ సందేహం రాలేదు. లేదా వచ్చినా, నాలాంటివాళ్ళను చూసి చూసి ఊరుకుందేమో. చరచరా మెట్లెక్కి పైకి పోయింది. నేను వాకిలి దాటుతుండగా దెబ్బల చప్పుడు వినబడింది. ఏడుపు మాత్రం వినబడలేదు.

ఎందుకు చెప్పాను? ఎవరూ అడగలేదే! ఆమె గొంతు ఆ గది దాటి ఎక్కడ నా పేరు దాకా వస్తుందోనని. మిల్లు దాకా, మా ఊరి దాకా, నా భార్య దాకా వస్తుందోనని. నా ఇల్లు నిలబడడానికి ఆమె ఇంటి దారి మూసేశాను.

తెల్లారి మిల్లులో సాయన్న ఎదురుపడి, "ఎట్లయింది సఫరు?" అని ప్రయాణం సంగతి అడిగాడు. "మంచిగయింది," అన్నాను. తెలుగు ముక్క రానీయకని అతను ఎందుకు చెప్పాడో అప్పుడు వెలిగింది నాకు. నన్ను కాపాడడానికి చెప్పలేదు. తను అమ్మిన ఆడవాళ్ళతో నేను మాట్లాడకూడదని చెప్పాడు. వాడికి కాపలా కుక్కను నేను. మొరగకుండా ఉండడమే నా పని. బాగా చేశాను.

పత్తి సీజను చివర్లో మిల్లు గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎండకు నల్లబడ్డ ముఖం, భుజాన సద్ది మూట. మిల్లు మిల్లూ తిరుగుతున్నాడట. నది అవతలికి పోయివచ్చేవాణ్ణని ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, నేను గంగారాం. మా ఆమె రాజవ్వ గీ మేస్త్రి ఎంబడే అచ్చింది. నడుమల్నే బండి దిగి పోయిందంటుండు. అట్ల పొయ్యే మనిషి కాదు సారూ. మీకు యాడన్న కనవడ్డదా?"

సాయన్న అక్కడే ఉన్నాడు. అయ్యో పాపమంటూ అతనికి బీడీ ముట్టించి ఇస్తున్నాడు. నేను సాయన్న వైపు చూశాను. సాయన్న నా వైపు చూశాడు. ఇద్దరికీ ఇద్దరి సంగతీ తెలుసు.

"కనవడలే," అన్నాను. ఈసారి తెలుగులో.

గంగారాం రెండు చేతులూ జోడించి దండం పెట్టి వెళ్ళిపోయాడు. నా గొంతు పట్టుకోవాల్సిన చేతులతో నాకు దండం పెట్టాడు.

ఆ తర్వాత ఒకసారి ఆ ఇంటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆ గదిలో వేరే మనిషి ఉంది. మావశి తమలపాకుకు సున్నం రాస్తూ, నువ్వే కదయ్యా ఫిర్యాదు చేసింది, ఆ పిచ్చిదాన్ని ఎప్పుడో పంపించేశాను అంది. ఎక్కడికని అడిగాను. నాగపూరో, ఇంకా అవతలో, ఎవరికి తెలుసు అంది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు. పోలీసులకు చెప్పలేదు. సాయన్నను నిలదీయలేదు. అతను మరో రెండు మూడు సీజన్లు ఆడవాళ్ళను తెచ్చాడు. బండ్లు దిగుతుంటే నేను పత్తి చూస్తున్నట్టు తల వంచుకునేవాణ్ణి. ఎందరు దిగారో, వాళ్ళలో ఎందరు మిల్లులో మిగిలారో చూడడం నాకిష్టం లేకపోయింది. చివరికి సాయన్న తన మంచం మీద, కొడుకుల మధ్య చచ్చిపోయాడు. దినం భోజనానికి నేనూ వెళ్ళాను. కడుపునిండా తిన్నాను.

మిల్లు మానేసి కరీంనగర్ చేరాను. పిల్లలు పుట్టారు. నలుగురిలో పెద్దమనిషినయ్యాను. మొన్న ఎండాకాలం, ఇక తట్టుకోలేక, ధర్మపురి అవతల ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. గంగారాం వాకిట్లో కూర్చుని తాడు పేనుతున్నాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. ఇంట్లో ఇంకో ఇల్లాలు ఉంది. ఆమె నాకు నీళ్ళిచ్చి లోపలికి పోయింది. నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఏదీ దాచలేదు. ఫిర్యాదు చేసిన సంగతి కూడా చెప్పాను.

అతను సగం పేనిన తాడు పక్కన పెట్టాడు. దండెం మీది తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"పా, పోదాం," అన్నాడు.

"యాడికి?"

"నా పెండ్లాం కాడికి. నువ్వు చూసినవ్ గద. చూపియ్యి."

ఇప్పుడు అక్కడ లేదని, ఎక్కడుందో నాకు తెలియదని, బతికుందో లేదో కూడా తెలియదని చెప్పాను.

"మరి ఇప్పుడెందుకచ్చినవ్ రా?" అన్నాడు. "బండి దిగి యాడ్నో సచ్చిపోయిందని ఏడ్సి ఊకున్న. దినాలు గూడ జేసిన. ఇగ ఇయ్యాలటి నుంచి అది బతికున్నదని ఏడ్వాల్నా? నీ కడుపుల మంట దింపుకునేతందుకు నా ఇల్లే దొరికిందా? లే. నడువ్."

లేచి నడిచాను. వెనక నుంచి రాయి వేస్తాడేమోనని ఎదురుచూశాను. వేయలేదు. ఊరి చివర ఆగి వెనక్కి చూస్తే, అతను చెప్పులు విప్పకుండా, తువ్వాల దించకుండా, అలాగే వాకిట్లో నిలబడి ఉన్నాడు.

అందుకని ఇక ఎవరి వాకిట్లోకీ వెళ్ళను. మీకు చెబుతున్నాను. మీరు చెప్పులు తొడుక్కుని పా పోదామనరు. క్షమించానని కూడా అనకండి, ఆ మాట మీరు అనేది కాదు. ఇది రాసేసరికి చాలా ఏళ్ళ తర్వాత నాకు ఊపిరి సాఫీగా ఆడుతోంది. ఇలా సాఫీగా ఆడుతున్నందుకే నా మీద నాకు మండిపోతోంది.