సీసపు రాళ్ల వరుస

బొల్లాపల్లి బస్సులో నా పక్కన కూర్చున్న పరిశోధక విద్యార్థిని ఒడిలోని పెట్టెలో రాతిముక్కలు పేర్చుకొంటున్నది. చిన్నవీ పెద్దవీ కలిసి ఉండటం సహించలేక నేను ఒకదానిని మార్చబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకొన్నది.

“కదపమాకండి తాతా! కొండ పగులులో కింద నుంచి పైకి ఏరిన వరుస ఇది. ఒకప్పుడు సీసం మోసుకొచ్చిన వేడినీళ్లు ఎటు పోయినయ్యో ఇదే చెప్పాల. తారుమారైతే రెండేళ్ల పని మట్టిపాలే.”

“ఈ క్రమశిక్షణ ఏ కళాశాలలో నేర్పారమ్మా?”

“కాలేజీ ఏంది తాతా, పేటలో మా నాయన షెడ్డులో! లారీ ఇంజను విప్పితే బోల్టులన్నీ విప్పిన వరుసలోనే పెడతాడు. ఒకటి జరిపితే నెత్తిన మొట్టేవాడు.”

ముప్పయ్యేళ్లు బడి నడిపిన నేను, మా పల్నాటి మెకానిక్ కూతురు కొండనే విప్పి చూస్తున్నదన్న గర్వంతో, ఆమె దిగేదాకా ఆ పెట్టెను కుదుపులకు కదలకుండా రెండు చేతులా పట్టుకొన్నాను.