చీపురామె గుట్ట

తండ్రి పోయి నెల తిరక్కుండానే అన్నదమ్ములిద్దరూ పంపకాలకు కూర్చున్నారు. బావి ఉన్న పల్లపు చేను పెద్దోడు తీసుకున్నాడు. దానికి ఎగువనున్న రాతి గుట్ట చిన్నోడికి మిగిలింది.

"నీకేంరా తమ్ముడూ, పైన గాలి బాగా వస్తుంది. ఎంత మింగినా అయిపోదు" అన్నాడు పెద్దోడు.

కూర్చున్నవాళ్లంతా నవ్వారు. తల కొట్టేసినట్టయినా చిన్నోడూ నవ్వాడు. నవ్వనిది అతని పెళ్లాం ఒక్కతే. కొత్త కోడలు కాబట్టి ఆమె మొహం ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె గుట్ట ఎక్కింది. కాలితో గీరితే చాలు, బండ తగిలే నేల. అలాంటి చోట చీపురు గడ్డి నడుమెత్తున నిలబడి ఉంది. ఒక దుబ్బును రెండు చేతులా పట్టి లాగింది. అరచెయ్యి కోసుకుపోయింది గాని దుబ్బు కదల్లేదు. వేళ్లు బండ పగుళ్లలోకి ఎంత లోతుకు దిగాయో ఏమో! రాయి ఎత్తి చూస్తే కింద తడి ఉంది. తొలకరి పడ్డాక బండ గుంటల్లో నీళ్లు నిలిచి, గోరంత పూలు పూశాయి. నీళ్లు ఇగిరేలోపే అవి గింజ కట్టి, రాల్చి, ఎండిపోయాయి. పూరేడు పిట్టలు దుబ్బుల మొదట్లో గుడ్లు పెట్టుకున్నాయి. ఏ ఎరువూ, ఏ నీళ్లూ అడగకుండా ఇంత సంసారం నడుస్తోంది ఆ గుట్ట మీద.

కంకులు ఎండి, గింజ రాలిందాకా ఆగి ఆమె గడ్డి కోసేది. చీపుర్లు కట్టి, నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది. ఇల్లు దాని మీదే గడిచింది. దాంతో ఆమె అందరికీ చీపురామె అయిపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆమె మొగుడు చీపురామె మొగుడయ్యాడు.

"చీపురామె మొగుడొచ్చాడు, లేచి చోటివ్వండి. ఊడ్చుకుని కూర్చుంటాడు" అనేవాళ్లు టీ కొట్టు దగ్గర. అతను అక్కడ పళ్లు ఇకిలించి, ఇంటికొచ్చి కంచం విసిరికొట్టేవాడు. ఒక ఎండాకాలం కడుపుమంట ఆపుకోలేక గుట్టకు నిప్పు పెట్టాడు. రెండు వానలు పడేసరికి నల్లటి మొదళ్లలోంచి గడ్డి మునుపటికంటే ఒత్తుగా లేచింది.

"ఏరా, మీ ఆవిడ గడ్డికి మందేసినట్టున్నావే?" అని నవ్వి, పెద్దోడు తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ రాళ్లు ఏరి పారెయ్. ఎండిన చెరువు మట్టి తోలుకో. నా ట్రాక్టరు తీసుకుపో. నేలకి కడుపునిండా పెట్టరా, ఎందుకు పండదో చూద్దాం."

అన్న అంత ప్రేమగా మాట్లాడటం చిన్నోడు ఎరగడు. ఆ సాయంత్రమే గునపం కొనుక్కొచ్చాడు.

"ఆ మట్టి నిలవదయ్యా. ఈ రాళ్లూ, ఈ వేళ్లూ పట్టుకోబట్టే ఆ కాస్త మన్నయినా ఉంది" అంది ఆమె.

"నోర్ముయ్. గడ్డి పీకేదానికి వ్యవసాయం కూడానా?"

ఆ ఏడంతా అతను గునపంతో దుబ్బులు పెళ్లగించాడు, ఆమె తట్టలతో రాళ్లు మోసింది. పూరేడు గూడు ఎదురైతే, చూసి కూడా అడుగు పక్కకు వెయ్యలేదు అతను. గుడ్లు పగిలిన చప్పుడుకు ఆమె ఉలిక్కిపడితే నవ్వాడు. "ఏం, చుట్టాలా?"

చివరికి ఒక పెద్ద బండ మిగిలింది. ఆమె కాస్త దూరంలో నీడన కూర్చుని, చివరి కోత చీపుర్లు కడుతోంది. గునపం జారింది. బండ దొర్లి అతని పాదం మీద ఆగింది. అరుపు విని ఆమె తలెత్తింది. చూసింది. చేతిలోని కట్టకు తాడు బిగించి, ముడి వేసి, సరిగా పడిందో లేదో లాగి చూసుకుని, అప్పుడు లేచి వెళ్లింది.

"చూస్తూనే ముడేసుకున్నావా?" అన్నాడతను, పళ్లు బిగబట్టి.

"వదిలేస్తే జారిపోతుందని" అందామె.

పాదం నయమైంది గాని కుంటడం తప్పలేదు. అప్పటినుంచి అతను ఒక రాయి మీద కూర్చుని పురమాయించేవాడు, చెరువు మట్టి ఆమె ఒక్కతే ఎత్తి పోసేది. పోసిన మట్టి మీద ఎరువు చల్లి విత్తనం వేశారు. పైరు జానెడు లేచింది. దాంతోపాటే, మట్టిలో కలిసి వచ్చిన వయ్యారిభామ కలుపు కూడా లేచి, ఆమె గుండెల ఎత్తుకు పెరిగి పైరును కమ్మేసింది. అంచుల్లో బతికిపోయిన నాలుగు గడ్డి దుబ్బులు ఎండకీ ఆకలికీ ఎన్నడూ చావలేదు గాని, ఆ బలిసిన నీడలో పసుపుబారి కుళ్లిపోయాయి.

తర్వాత ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఆపడానికి రాళ్లు లేవు, పట్టి ఉంచడానికి వేళ్లు లేవు. మట్టంతా పాల టీలా కారిపోతుంటే ఇద్దరూ గొడుగు కింద నిలబడి చూశారు. వాన వెలిసేసరికి గుట్ట గుండు కొట్టించినట్టుంది. మన్నంతా దిగువన పెద్దోడి చేలో చేరింది.

ఆ ఏడు పెద్దోడి చేను విరగకాసింది. కలుపూ అలాగే వచ్చింది. అది తియ్యడానికి తోడికోడలు ఆమెనే కూలికి పిలిచింది.

"ఎంత బాగుందక్కా చేను" అంది ఆమె మాటవరసకు.

"మీ బావగారు ముందే అన్నారులే, వాడు పైన ఎంత పోసినా మన చేలోకే దిగుతుందని" అంది తోడికోడలు, మంచినీళ్ల చెంబు అందిస్తూ. దాచాల్సిన మాటని ఆమెకు తోచనే లేదు.

చీపురామె నీళ్లు తాగి, చెంబు తిరిగిచ్చి, వంగి మళ్లీ కలుపు పట్టుకుంది. వయ్యారిభామ తగిలి మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. సాయంత్రం మొగుడికి అన్నం వడ్డిస్తూ ఆ మాట పొల్లు పోకుండా చెప్పింది. చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాలనిపించింది.

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మళ్లీ చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పింది. అతను ఏడుస్తుంటే తనకి జాలి వేస్తుందేమోనని కాసేపు చూసుకుంది. వెయ్యలేదు. చారు కావాలా అని అడిగింది.

వానలు తగ్గాక, మిగిలిన గింజలేవో పట్టుకెళ్లి పగుళ్లలో వేసి చూసింది. గడ్డి నిలవాలంటే పిడికెడు మన్నుండాలి. ఆ పిడికెడు మన్ను నిలవాలంటే గడ్డి ఉండాలి. గింజల్ని గాలి ఎత్తుకుపోయింది. బండ మీద బూడిదరంగు పాచి మాత్రం అక్కడక్కడా పట్టింది. వీధుల్లో వాళ్లు కొన్నాళ్లు చీపుర్లేవని అడిగి, తర్వాత ప్లాస్టిక్‌వి కొనుక్కున్నారు.

మరుసటేడు కంకర మిల్లువాడు వస్తే, ఆమెతో ఒక్క మాటైనా అనకుండా చిన్నోడు గుట్ట రాసిచ్చేశాడు. బండ పేల్చేముందు జనాన్ని పక్కకు పంపే పని అతనికే ఇచ్చారు. చేతికి ఎర్రగుడ్డ, మెడలో ఈల. కుంటుకుంటూనే బండ మీద అటూ ఇటూ తిరుగుతుంటే మనిషి పదేళ్లు చిన్నవాడైనట్టున్నాడు.

"ఏయ్, కలుపు తీసేవాళ్లూ! జరగండి, దూరం జరగండి!" అని పైనుంచి అరిచి ఈల వేశాడు.

కింద పెద్దోడి చేలో ఆమె నడుం పట్టుకుని లేచింది. అందరితోపాటు గట్టు దాటి, చెవులు మూసుకుని నిలబడింది.