పోశెట్టికి కట్టిన గంగారాం ఫ్లెక్సీ

నేనొక మనిషిని బతికుండగానే చంపి, ఊరి నడుమ వేలాడదీయించాను. పోలీసులకు చెప్పకండి, ముందు వినండి.

అప్పట్లో నిజామాబాద్ బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. ముందు గదిలో నా కంప్యూటర్, వెనక గదిలో ప్రింటింగ్ కంప్యూటర్. రెంటికీ నెట్‌వర్క్‌లో ఒకటే ఫోల్డర్. నేనిక్కడ సేవ్ చేస్తే, అక్కడ లతక్క తెరిచి ప్రింట్ తీసేది.

బోధన్ వైపు చెరుకు రైతు గంగారాం వచ్చాడు. అన్న పోశెట్టి చనిపోయాడు, మర్నాడే పెద్దకర్మ. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఇచ్చాడు. అందులోంచి నేను పొరపాటున తమ్ముణ్ని కత్తిరించి దండ వేసి సేవ్ చేశాను, వెనక గదిలో లతక్క తెరిచింది కూడా.

"తమ్మీ, గా దండల ఉన్నది నేను. పోయింది మా అన్న," అన్నాడు మెల్లగా.

నాలుక కరుచుకుని, ఫొటో మార్చి, అదే పేరుతో సేవ్ చేశాను.

"లతక్కా, ప్రింట్ కొట్టు!"

"గిక్కడ ఇంకా గాయనే ఉన్నడు కదరా!"

మళ్లీ సేవ్ చేశాను. కేబుల్ పీకి పెట్టాను. నా కంప్యూటర్‌ను ఆపి లేపాను.

"ఇప్పుడు?"

"గాయనే!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నా ఫైలు ముందు గదిలో గెలిచి వెనక గదిలో ఓడింది. లతక్క అన్నానికి వెళ్లింది. ఇంతసేపయింది, మారే ఉంటుందనుకుని, తెరిచి చూడకుండానే వెనక కంప్యూటర్‌లో నేనే ప్రింట్ నొక్కాను. మిషన్ చుట్టిన చుట్టను తాడుతో కట్టి గంగారాం చేతికిచ్చాను.

పొద్దున్నే ఫోన్. "తమ్మీ, గంగారాంను. బతికే ఉన్న. జల్ది రా."

పరుగెత్తి వెనక గదిలో తెరిస్తే కొత్త ఫొటో తాపీగా కనిపించింది! ఆ కంప్యూటర్ ఫోల్డర్‌ను ప్రతిసారీ కొత్తగా చూడదట. ఒకసారి చూసిన ప్రతిని గుర్తుపెట్టుకుని కాసేపు దాన్నే చూపిస్తుందట. రోగం వెనక గదిలో ఉంటే, నేను ముందు గదికి వైద్యం చేశాను.

కొత్త ఫ్లెక్సీ తీసుకుని వెళ్లేసరికి ఊరంతా ఏడుపు. మహారాష్ట్ర నుంచి వచ్చిన చుట్టాలకు తెలుగు చదవడం రాదు, ఫొటోనే చూశారు. స్నానానికి వెళ్లొచ్చిన గంగారాంను పట్టుకుని ఇంకా గట్టిగా ఏడుస్తున్నారు.

"తప్పయిందన్నా," అన్నాను.

"మా వదినె పది దినాల సంది కన్నీరు పెట్టలే తమ్మీ. పొద్దుగాల నా ఫొటో సూసి, 'మరిదీ, నువ్వు గూడ పోయినవా' అని మొదలువెట్టింది. నేను ముంగటికొచ్చి నిలవడ్డా ఆపుతలేదు. ఇప్పుడు మా అన్న పేరే తీసి ఏడుస్తున్నది."

నాకూ కళ్లు నిండాయి. "కట్టినోళ్లన్న సూడలేదా అన్నా?"

"మా బామ్మర్దే కట్టిండు. 'బావ ఫొటో మస్తుగొచ్చింది' అన్నడట."

ఆ దుఃఖంలోనే నిలబడి ఒట్టేసుకున్నాను: మార్చిన ప్రతి ఫైలుకూ కొత్త పేరు పెడతాను. వెనక గదికి వెళ్లి నా కళ్లతో చూడందే, నా పెళ్లి ఫ్లెక్సీ అయినా సరే, ప్రింట్ కొట్టను.